అరువు కథకు అంచు కుట్టే పని

మా మేనకోడలు జహీరాబాద్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక రోజు రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, జర తప్పులు దిద్దియ్యవా? కథ మంచిగున్నదో లేదో చెప్పకు. తప్పులు ఒక్కటే చూడు" అంది. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని, దిద్దడం చేతికి అలవాటైన పనే. ఎర్ర పెన్ను మూత తీశాను. మొదటి పేజీలోనే పెన్ను ఆగింది. అక్కడ కథ లేదు. గీత కొట్టి వేరు చేసిన చోట ఇలా ఉంది:

మూలకథ: బాహుబలి, రెండు భాగాలు.
కాలం: దేవసేన చెరలో ఉన్న పాతికేళ్లు.
ముఖ్య పాత్రలు: దేవసేన, కట్టప్ప.
బంధం: స్నేహం. ప్రేమకథ కాదు.
హెచ్చరిక: చెర, ఆకలి, ఒక మరణం.
మార్పులు: సినిమాలో జరిగింది ఏదీ మార్చలేదు. సినిమా చూపించనిది మాత్రమే రాశాను.
గమనిక: పాత్రలు నావి కావు. పుల్లల లెక్క మాత్రం నాది.

ఈ చివరి మాట నాకప్పుడు అర్థం కాలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ ఏడు వరుసల పొందిక చూడండి. కథ ఎక్కడి నుంచి బయల్దేరింది, ఎక్కడ తిరుగుతుంది, ఎవరెవరున్నారు, వాళ్ల మధ్య ఏముంది, చదివేవాళ్లకు ఎక్కడ నొప్పి కలగవచ్చు, మూలానికి ఎంత కట్టుబడింది, ఎవరి సొత్తు ఏది. మా చిరాగ్‌పల్లి వాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముంబయి రోడ్డు తెలంగాణ దాటి కర్ణాటకలో అడుగుపెట్టే చోట ఉంది మా ఊరు. ఊరి పేరు చెబితే ఎవరికైనా ముందు చెక్‌పోస్టే గుర్తొస్తుంది. వే బిల్లుల కాలంలో లారీ ఆగగానే డ్రైవరు దిగి కాగితం చూపించేవాడు. సరుకేమిటి, ఎక్కడ ఎక్కించారు, ఎక్కడికి పోతోంది, ఎవరిది, అన్నీ అందులో ఉండేవి. టార్పాలిన్ విప్పకుండానే లోపల ఏముందో తెలిసేది. మేనకోడలి నోటుబుక్కు మొదటి పేజీ అలాంటి కాగితమే. ఒకరి ఊరి పాత్రలు ఇంకొకరి ఊరికి సరిహద్దు దాటుతున్నాయి, అందుకే ఈ పత్రం.

ఇలాంటి రాతను ఫ్యాన్ ఫిక్షన్ అంటారని, దీనికి లోకమంతా ఒప్పుకున్న పద్ధతులున్నాయని ఆ పిల్లే చెప్పింది. ఇష్టమైన సినిమాలోనో, నవలలోనో ఉన్న పాత్రలను తీసుకుని, డబ్బు ఆశించకుండా, సాటి అభిమానుల కోసం సొంతంగా కథ అల్లడం. అమెరికాలో 1966లో మొదలైన స్టార్ ట్రెక్ ధారావాహిక మీద ఇష్టంతో కొందరు 1967లో స్పాకనేలియా అనే పత్రిక వేశారు. అభిమాన కథల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. అలాంటి పత్రికలు టైపు కొట్టి, స్టెన్సిల్ మీద నకళ్లు తీసి, పోస్టులో పంచుకున్నవి. సంపాదకుడు ఇంటి మనిషే, పాఠకుడు పక్కింటి మనిషే. పెద్ద ప్రచురణ సంస్థలో నలుగురు జీతగాళ్లు చేసే పని ఇక్కడ రాసేవాళ్లే చేసుకోవాలి. శీర్షిక, పరిచయం, విభజన, హెచ్చరిక, గుర్తులు, అన్నీ తామే. ఆ చేతిపనిలోంచి పుట్టాయి ఈ పద్ధతులన్నీ.

ముందు బంధాల గుర్తు చూద్దాం. స్టార్ ట్రెక్ అభిమానులు 1970ల్లో కిర్క్, స్పాక్ అనే రెండు పాత్రల మధ్య ప్రేమను ఊహించి రాసిన కథలకు ఆ రెండు పేర్ల మధ్య ఒక ఏటవాలు గీత పెట్టేవాళ్లు. ఆ గీత పేరుమీదే ఆ తరహా కథలన్నిటికీ స్లాష్ అని పేరొచ్చింది. తర్వాత్తర్వాత గీత ఉంటే ప్రేమ అని, దాని బదులు 'మరియు' గుర్తు ఉంటే స్నేహమో రక్తసంబంధమో అని తేడా స్థిరపడింది. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి. ఒక్క చుక్క సిరాతో కథ స్వభావమే తేలిపోతుంది.

మరి తెలుగులో? మనకు ఆ గీత అక్కర్లేదు, ద్వంద్వ సమాసం ఉంది. రెండు పేర్లను అతికి చివర బహువచనం తగిలిస్తే చాలు: సీతారాములు, రాధాకృష్ణులు, రామలక్ష్మణులు. రెండు పేర్లు ఒక్క మాటై, ఒక్క క్రియను పంచుకుంటాయి. అయితే ఈ సమాసం ప్రేమకూ అన్నదమ్ముల అనుబంధానికీ తేడా చూపదు. సీతారాములు దంపతులని, రామలక్ష్మణులు అన్నదమ్ములని మనకు కథ తెలుసు కాబట్టి తెలుస్తుంది. కొత్తగా కల్పించిన జంటను ఇలా సమాసం చేస్తే చదివేవాళ్లు తికమకపడతారు. అందుకే మేనకోడలు సమాసం మానేసి, 'బంధం: స్నేహం' అని విడిగా వరుస పెట్టింది. వ్యాకరణం చేయలేని పనిని శీర్షిక చేత చేయించింది. దీన్ని నేను పాఠంలో చెప్పి ఉంటే ఏ విద్యార్థికీ ఇంత బాగా ఎక్కేది కాదు.

ఇక హెచ్చరిక. ఈ వరుస దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇది పిరికివాళ్ల కోసం పెట్టింది కదా అని మొదట అనిపించింది. కథలో ఏం జరగబోతోందో ముందే చెబితే ఉత్కంఠ ఏం మిగులుతుంది? ఇదే మాట ఆ పిల్లతో అంటే, ఇంగ్లిష్ అభిమాన కథలన్నిటికీ ఇప్పుడు పెద్ద గూడు లాంటి ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే భాండాగారంలో దీన్నెలా పరిష్కరించారో చెప్పింది. 2009లో తెరిచిన ఆ భాండాగారాన్ని అభిమానులే కట్టుకున్నారు, అభిమానులే నడుపుతున్నారు. 2019లో దానికి హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. అక్కడ రాసేవాళ్లు తప్పక తేల్చి చెప్పాల్సిన పెద్ద హెచ్చరికలు నాలుగు: తీవ్ర హింస, ముఖ్య పాత్ర మరణం, అత్యాచారం, మైనర్లకు సంబంధించిన లైంగిక విషయం. ఇవేవీ లేకపోతే లేవని చెప్పే వీలు ఒకటి. దాని పక్కనే ఇంకొకటి ఉంది: హెచ్చరించకూడదని రచయిత నిర్ణయించుకున్నారు.

ఈ రెంటికీ ఉన్న తేడాలోనే ఉంది పనితనమంతా. 'లేవు' అనడం ఒక హామీ. 'చెప్పదలచుకోలేదు' అనడం ఇంకో రకం నిజాయితీ. ఇక్కడ ఏదైనా ఉండొచ్చు, తెలిసే లోపలికి రండి అని. గుట్టు దాచుకోవాల్సిన రచయితకు గుట్టు దక్కింది, జాగ్రత్తపడాల్సిన పాఠకురాలికి జాగ్రత్త దక్కింది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మన బావుల దగ్గర కొన్నిచోట్ల లోతు రాసి ఉంటుంది, కొన్నిచోట్ల లోతు తెలియదు జాగ్రత్త అని రాసి ఉంటుంది. రెండూ ప్రాణం కాపాడే రాతలే.

మేనకోడలు ఇంకో అడుగు ముందుకు వేసింది. 'ఒక మరణం' అని రాసి, ఎవరిదో చెప్పలేదు. సినిమా చూసినవాళ్లకు దేవసేన బతికి బయటపడుతుందని తెలుసు, కట్టప్ప బతికే ఉంటాడని తెలుసు. మరి పోయేదెవరు? ప్రతి కొత్త పాత్ర రాగానే గుండె గుబుక్కుమంటుంది. ఎనిమిదో పేజీలో ఒక ముసలి కావలివాడు వస్తాడు, ఆమెకు నీళ్ల ముంత అందిస్తాడు. అప్పటి నుంచీ అతన్ని నేను భయంతోనే చదివాను. హెచ్చరిక ఉత్కంఠను చంపలేదు సరికదా, పుట్టించింది.

తర్వాతి వరుస, 'సినిమాలో జరిగింది ఏదీ మార్చలేదు' అన్నది. అభిమాన కథకుల్లో ఇది పెద్ద విభజన. మూలాన్ని మార్చేసి, ఆ మనిషి చావకుండా ఉంటే, ఆ పెళ్లి జరగకుండా ఉంటే అని రాసేవి కొన్ని. మూలంలో ఒక్క ఇటుక కదపకుండా ఖాళీల్లోనే ఇల్లు కట్టేవి మరికొన్ని. రెండోది కష్టమైన పని. రాజమౌళి తీసిన బాహుబలి మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో దాదాపు ఇరవై రెండు నెలలు బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకు ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లుకున్నారు. అది తీరని ఖాళీ కాదు, రెండో సినిమా వచ్చి నింపేసింది. దేవసేన పాతికేళ్లు అలాంటివి కావు. గొలుసులతో మాహిష్మతి నడిబొడ్డున కూర్చుని, తనను చెరపట్టిన భల్లాలదేవుడి చితికి పుల్లలు ఏరుకుంటూ గడిపిన కాలం అది. తెర మీద మనం చూసింది ఆ కాలపు చివరి అంచు మాత్రమే. ఆ ఖాళీని పట్టుకోవడంలోనే సగం కథ ఉంది.

ఈ విద్య మనకు బయటి నుంచి రాలేదని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. వ్యాసుడి భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖ అందులో ఎక్కడా లేదు. అయినా మాయాబజార్ చూసి పెరిగిన తెలుగువాళ్లలో ఎంతమందికి శశిరేఖ లేని భారతం ఊహకు అందుతుంది? మా సరిహద్దు దాటి మరాఠీ దేశానికి వెళ్తే ఇదే పిల్ల సురేఖగా, వత్సలగా కనిపిస్తుంది. కథ జరిగిన చోటు చూడండి. పాండవులు అరణ్యవాసానికి పోయారు, అభిమన్యుడు తల్లితో పాటు మేనమామల ఇంట ద్వారకలో ఉన్నాడు. మూలంలో ఆ ఏళ్ల గురించి పెద్దగా చెప్పింది లేదు. ఆ ఖాళీలో పెళ్లి పందిరి వేశారు. 1957లో కె.వి.రెడ్డి ఆ సినిమా తీసినప్పుడు పాండవులను తెర మీదికి ఒక్కసారి కూడా రానివ్వలేదు. భారత కథ అయ్యుండీ భారతంలోని అసలు నాయకులు కనిపించరు. వాళ్లు వస్తే మూలంతో ముడిపడే చిక్కులన్నీ వెంట వచ్చేవి. వాళ్లను అడవిలోనే ఉంచడం వల్ల మూలానికి దెబ్బ తగలలేదు, ద్వారకలో ఘటోత్కచుడికి కావలసినంత చోటు దొరికింది.

రెండోది ఎర్రన. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. నన్నయ తర్వాత రెండున్నర శతాబ్దాలు దాటాక ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించాడు. అతను అప్పుడు ఎవరి కొలువులో ఉన్నాడు? ప్రోలయ వేమారెడ్డి కొలువులో. హరివంశాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు కూడా. కానీ అరణ్యపర్వ శేషాన్ని మాత్రం ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ ఎవరిని సంబోధిస్తూ పద్యం చెప్పాడో తానూ వారినే సంబోధించాడు. నన్నయ రాసినట్టే రాశానని చెప్పుకున్నాడు. మొదట్లో నన్నయ నడకతో సాగి, పోనుపోను తిక్కన నడకలోకి ఒరిగి, అటు అతుకు ఇటు అతుకు కనబడకుండా కుట్టాడని పెద్దలంటారు. ఒకరి కథలో ఖాళీ పూరించేవాడు ఎంత ఒదిగి ఉండాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద పాఠం నాకు తెలియదు. మేనకోడలికి ఈ సంగతి చెబితే నోటుబుక్కు వెనక అట్ట మీద 'ఎర్రన' అని రాసుకుంది.

శీర్షిక దాటి కథలోకి వచ్చాను. దేవసేన మనసులో మాటలు వచ్చిన ప్రతిచోటా కింద గీత గీసి ఉంది. అడిగితే, ఇంగ్లిష్ కథల్లో మనసులో మాటలను వాలు అక్షరాల్లో వేస్తారని, చేత్తో వాలు అక్షరాలు రాయలేక గీత పెట్టానని అంది. నిజమే, టైపు మిషన్ల కాలంలో అభిమానులు చేసిందీ అదే. మిషనుకు వాలు అక్షరాలు లేవు కాబట్టి కింద గీత కొట్టేవాళ్లు. తర్వాత కంప్యూటర్లలో ఉత్త అక్షరాలే వెళ్లే రోజుల్లో మాటకు అటొకటి ఇటొకటి నక్షత్రం గుర్తు పెట్టేవాళ్లు. పనిముట్టు ఏది ఇవ్వకపోతే దానికి బదులు ఇంకోటి కనిపెట్టుకోవడం ఈ రాతగాళ్ల పుట్టుక గుణం.

కానీ తెలుగు అక్షరం గుండ్రం. తలకట్టు ఒకవైపు, వట్రసుడి ఒకవైపు, ఒత్తు కిందికి. దాన్ని వాలిస్తే కుండను పక్కకు ఒరిగించినట్టు ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, మనకు ఆ అవసరమే లేదు. తెలుగులో 'అని' అనే చిన్న మాట ఉంది. పలికిన మాటను, తలచిన మాటను, కారణాన్ని, అనుమానాన్ని, అన్నిటినీ అది మూట కట్టి క్రియకు అందిస్తుంది. మేనకోడలి వాక్యం ఇలా ఉంది:

'ఈ పుల్ల తడిగా ఉంది. ఎండాక పనికొస్తుంది.' అలా అనుకుని దేవసేన దాన్ని పక్కన పెట్టింది.

మొదటి రెండు వాక్యాల కింద గీతలు. నేను గీతలు, కొటేషన్ గుర్తులు, 'అలా అనుకుని' తీసేసి ఇలా రాసి చూపించాను:

పుల్ల తడిగా ఉంది. ఎండితే పనికొస్తుందని పక్కన పెట్టింది.

రెండో వాక్యంలో ఏం జరిగిందో చూడు అన్నాను. పనికొస్తుంది, అని. రెండూ కలిస్తే ఇకార సంధి జరిగి 'పనికొస్తుందని' అయింది. ఎక్కడ తలపు ముగిసింది, ఎక్కడ పని మొదలైంది? ఆ సంధిలో. ఇంగ్లిష్‌కు వాలు అక్షరాలు, విడి వాక్యం, కర్త పేరు కావలసిన చోట మనకు ఒక్క 'ఇ' లోపించి 'అ' నిలబడితే చాలు. కొటేషన్ గుర్తు మూసే పని సంధి చేసింది. ఆ పిల్ల ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివి, "గీతలన్నీ కొట్టేస్త మామా" అంది. అన్నీ కొట్టేయలేదు. ఒక్కచోట ఉంచింది. దేవసేన నిద్రలో భర్త అమరేంద్రుడి గొంతు విన్న చోట. ఆ మాటలు ఎవరివో, ఎవరు ఎవరితో అంటున్నారో తెలియకూడదు, కాబట్టి అక్కడ 'అని' వద్దు అంది. సరైన మాట. ఎక్కడ వాడాలో తెలిసినవాళ్ల కన్నా ఎక్కడ మానాలో తెలిసినవాళ్లది మెరుగైన చేయి.

కేకల సంగతి కూడా ఇలాంటిదే. ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలన్నీ వరుసగా వేస్తే అరుపు. మనకు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. అందుకని తెలుగు రాతగాళ్లు అచ్చును సాగదీస్తారు: 'దేవసేనాఆఆ'. దీన్ని కుర్రకారు చేష్ట అనుకునేవాళ్లున్నారు. వ్యాకరణం చదివినవాళ్లకు తెలుసు, హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు. దూరాన ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు, పాటలో, ఏడుపులో ప్లుతం వస్తుందని పాఠం. గొంతు ఎప్పుడూ చేస్తున్నదే, ఇప్పుడు కాగితం మీదికి ఎక్కింది. ఎన్ని 'ఆ'లు పెట్టాలి అంటే, రెండు చాలు అన్నాను. ఆ పైన కన్ను ఎలాగూ లెక్కపెట్టదు.

దృక్కోణం మారినప్పుడు ఆమె పెట్టిన గుర్తు నాకు బాగా నచ్చింది. ఈ కాలపు ధారావాహికల్లో 'ఫలానావారి పీవోవీ' అని శీర్షిక పెట్టి అధ్యాయం మారుస్తుంటారు. ఈమె శీర్షిక పెట్టకుండా, కట్టప్ప భాగం మొదలైన ప్రతిసారీ మొదటి మాటను అతని ఇనుప పాదాల చప్పుడుతో మొదలుపెట్టింది. దేవసేన భాగం ప్రతిదీ గొలుసు చప్పుడుతో. చప్పుడు వినగానే ఎవరి లోపల ఉన్నామో తెలుస్తుంది. మా దిక్కు బాగోతాల్లో ప్రతి పాత్రకూ ప్రవేశ దరువు ఉంటుంది. తెర వెనక గజ్జెల మోత, తాళం మార్పు, ఆ పైన వేషం బయటికి రావడం. వచ్చింది రాజో రాక్షసుడో ముఖం చూడకముందే కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. ఆ పిల్ల చిన్నప్పుడు ఊళ్లో రాత్రంతా కూర్చుని బాగోతం చూసింది. అది ఇక్కడ తేలిందని నా నమ్మకం.

గుర్తులే కాదు, కొలతలూ ఉన్నాయి. అభిమాన కథల్లో డ్రాబుల్ అని ఒక చిన్న రకం ఉంది, సరిగ్గా వంద మాటలు. ఒకటి ఎక్కువా తక్కువా కాకూడదు. 1980ల్లో బ్రిటన్‌లో పుట్టిన ఆట అది. కంద పద్యంలో అరవై నాలుగు మాత్రలు సరిపెట్టే వాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. కాకపోతే తెలుగులో వంద మాటలంటే చాలా చోటు. 'రాకపోయినప్పటికీ' అన్నది మనకు ఒకే మాట, ఇంగ్లిష్‌లో అదే భావానికి ఐదారు మాటలు పడతాయి.

మళ్లీ గుర్తుల దగ్గరికొస్తే, చదివేవాడికి ముందుగా గొంతు సవరించుకొమ్మని చెప్పే గుర్తులు మన పాత పుస్తకాల్లోనూ ఉన్నాయని ఆమెకు చూపించాను. పద్యం అంచున క. అని ఉంటే కందం, సీ. అంటే సీసం, తే. అంటే తేటగీతి, వ. అంటే వచనం. ఒక్క అక్షరం. కన్ను దాని మీద పడగానే గొంతు నడక మార్చుకుంటుంది. పద్యం మొదలయ్యాక తెలుసుకుంటే ఆలస్యం. సీసమని తెలియకుండా ఎత్తుకున్నవాడు రెండో పాదంలో ఊపిరి చాలక ఆగిపోతాడు. కథకు ముందు పెట్టే ట్యాగులు చేసే పనీ ఇదే. ఆ భాండాగారంలో ఎవరికి తోచినట్టు వాళ్లు ట్యాగు రాసుకోవచ్చు. బాహుబలిని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు ఒక 'ఏ'తో రాస్తారు, ఒకరు రెండింటితో. ట్యాగులు సర్దే స్వచ్ఛంద సేవకులు కూర్చుని, రాసినవాళ్ల మాట మార్చకుండానే, వాటన్నిటినీ తెర వెనక ఒక తాటికి కడతారు. వెతికేవాళ్లకు అన్నీ ఒకచోట దొరుకుతాయి. పుస్తకాల గదిలో నేను బీరువాల మీద చీటీలు అంటించిన రోజులు గుర్తొచ్చాయి. ఒకే పుస్తకాన్ని నలుగురు నాలుగు పేర్లతో అడిగేవాళ్లు.

ఇప్పుడు పుల్లల లెక్క.

కథలో ఒక దృశ్యం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట మామూలుగా మూడు నక్షత్రాలు పెడతారు. పత్రికల్లో మనం ఎప్పుడూ చూసేదే. ఈమె నక్షత్రాలు పెట్టలేదు. నిలువు గీతలు గీసింది. మొదటి దృశ్యం చివర ఒక గీత. రెండో దాని చివర రెండు. తర్వాత మూడు. ఆ తర్వాత ఐదు. నేను ఎర్ర పెన్నుతో అక్కడ సున్నా చుట్టి, అంచున 'గుర్తు ఒకే తీరుగా ఉండాలి' అని రాశాను. ఆ తర్వాత ఆరు, ఏడు, తొమ్మిది. ఏడు దగ్గర ఇంకో సున్నా చుట్టాను. తొమ్మిది దగ్గర పెన్ను గాల్లోనే ఉండిపోయింది. అవి నక్షత్రాలకు బదులు వాడిన గీతలు కావు. పుల్లలు. ఒక్కో పుల్ల ఒక్కో ఏడు.

తొమ్మిది పుల్లల తర్వాతి దృశ్యం చాలా చిన్నది, ఆరే వాక్యాలు. ముసలి కావలివాడు రాని రోజు అది. కొత్త కావలివాడు నీళ్ల ముంత దూరంగా పెట్టి పోతాడు. చనిపోయాడన్న మాట ఎక్కడా లేదు. ఆ ఆరు వాక్యాల కింద పద్నాలుగు పుల్లలు ఉన్నాయి. అంటే ఆ తర్వాత ఐదేళ్లు కథలో ఒక్క మాట లేదు. దుఃఖం గురించి ఒక వాక్యం రాసి ఉంటే అది నాకు ఇంత తగిలేది కాదు. ఐదు నిలువు గీతలు తగిలాయి. ముద్రణలో ఉత్త విరామ చిహ్నంగా ఉండేదాన్ని తీసుకుని, కాలానికి కొలతగా, దేవసేన చేతిలో పనిగా, చెప్పని ఏడుపుగా మూడు విధాలా వాడింది. నేను చుట్టిన రెండు ఎర్ర సున్నాలనూ తెల్ల సిరా పెట్టి తుడిచేశాను. మచ్చ మిగిలింది. ఆ సంగతి ఆమెకు చెప్పాను కూడా. "తెలుస్తదో లేదో అనుకున్న మామా. తెలిసింది గదా!" అని నవ్వింది. ఎక్కడా చెప్పలేదేం అని అడిగితే, మొదటి పేజీలోనే చెప్పిన గదా అంది. నిజమే, పుల్లల లెక్క నాది అని అక్కడ ఉంది. చిట్టచివరి దృశ్యం కింద ఇరవై ఐదు పుల్లలు వరుసగా ఉన్నాయి, వాటి మీదుగా అడ్డంగా ఒక గీత, మోపు కట్టిన తాడులాగ.

మన ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్యం ఉంటుంది. రాసినవాడెవడు, ఎవరి కొడుకు, ఏ కావ్యంలో ఎన్నో ఆశ్వాసం ముగిసిందో అందులో చెబుతారు. తాటాకుల్లో ఏ ఆకు ఎక్కడిదో తేల్చడానికి ఎన్నోసార్లు అదే ఆధారం. ధారావాహికల చివర పెట్టే 'ఇంకా ఉంది' దాని మనవరాలు. మేనకోడలు కూడా కథ చివర తన గద్యం పెట్టుకుంది. పేరు, నాన్న పేరు, ఊరు. నోటుబుక్కులో అది చక్కగానే ఉంది. ఫోనులో టైపు చేయడం మొదలుపెట్టినప్పుడు చిక్కొచ్చింది. ఊరి పేరు కొడితే 'చిరాగ్పల్లి' అని పడుతోంది. 'గ' కింద 'ప' ఒత్తై కూర్చుంది.

అది ఫోను తప్పు కాదు, తెలుగు లిపి గుణం. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి సంయుక్తాక్షరం కావాలన్నది మన లిపి నియమం. తెలుగు మాటలకు అది అందం. కానీ చిరాగ్ ఉర్దూ మాట, దీపం. పల్లి మనది. రెండూ పక్కపక్కన కూర్చున్నాయి కానీ కరిగి ఒకటి కాలేదు. అచ్చుపుస్తకాల్లో కంపోజిటరు ఆ రెంటినీ విడిగా పేర్చేవాడు. ఫోనుకు చెప్పాలంటే ఆ రెంటి మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. దానికి వెడల్పు లేదు, ఆకారం లేదు, ఉచ్చారణ లేదు. కలవకండి అని చెప్పడం ఒక్కటే దాని పని. కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ ఒకే బజారులో వినబడే మా ఊళ్లో ఆ కనబడని అక్షరం అక్కర పడని రోజు ఉండదు. బీదర్‌కు, జహీరాబాద్‌లో, బస్‌స్టాండ్ దగ్గర, అన్నిటికీ కావాలి.

ఆమె కీబోర్డు మూలమూలలా వెతికింది. మొదట గ్ తర్వాత ఖాళీ పెట్టి చూసింది, పేరు రెండు ముక్కలైంది. చుక్క పెట్టి చూసింది, బాగాలేదు. పది నిమిషాలకు ఒక మీటను నొక్కి పట్టుకుంటే ఆ గుర్తు బయటపడింది. వెనక్కి పోయి 'గ్' తర్వాత వేలు ఆనించింది. కిందికి జారిన 'ప' లేచి పక్కకొచ్చి నిలబడింది. ఇరవై ఐదు పుల్లల మోపు కింద, తన పేరు, వాళ్ల నాన్న పేరు, ఆ కింద చిరాగ్‌పల్లి.

"ఇప్పుడు సరిగున్నదా మామా?" అని ఫోను నా ముందుకు జరిపింది.